ఇంట్లోని పాత సామాను: అమ్మాలా, ఇవ్వాలా?



క్రిస్మస్ పండుగ దగ్గరపడితే మన ఇళ్లలో ఒక పని తప్పదు. గోడలకు సున్నమో రంగో వేయించాలి. దానికి ముందు అటక మీది సామానంతా కిందికి దించాలి. అప్పుడు మనకే ఆశ్చర్యం వేస్తుంది. జారు పగిలిన మిక్సీ, కొత్తది కొన్నాక మూలన పడిన పాత టీవీ, పిల్లవాడు ఎదిగిపోయాక ఎవరూ ఎక్కని చిన్న సైకిలు, పెళ్లిలో చదివింపులుగా వచ్చి ఇంకా అట్టపెట్టెలోనే ఉన్న గోడ గడియారాలు, బీరువా సొరుగులో మూడు నాలుగు పాత సెల్‌ఫోన్లు. ఇంత సామాను మనకెప్పుడు పోగయింది? దీన్నంతా ఏం చేయాలి?

ఇదివరకు ఈ ప్రశ్నకు వీధిలోనే జవాబు దొరికేది. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండి వచ్చేది. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె గంపతో వచ్చేది. ఇప్పుడు ఇంట్లోని కుర్రవాడు ఫోను తీసి, “గుజిరీ కొట్టుకు వేస్తే ఏమొస్తుంది నాన్నా? ఫొటో తీసి ఓఎల్ఎక్స్‌లో పెడదాం, ఫేస్‌బుక్‌లో పెడదాం” అంటున్నాడు. ఒకప్పుడు నగరాల మాటగా ఉన్నది ఈనాడు మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ఇళ్లలోకీ వచ్చింది. ఈ శ్రమకు ఫలితం ఉందా, క్రైస్తవ కుటుంబం ఈ పని ఎలా చేయాలి అన్నది ఈ వారం మనం ఆలోచించదగిన విషయం.

ఇది కూడా దేవాలయంలో చెప్పుకునే సంగతేనా అని మీరనవచ్చు. పరిశుద్ధ గ్రంథం తిరగేసి చూడండి. తూనికరాళ్ల గురించి, కొలపాత్రల గురించి, కొనేవాడి మాటల గురించి, అమ్మేవాడి మనస్సు గురించి దేవుడు ఎన్నిసార్లు మాట్లాడాడో కనిపిస్తుంది. రెండు రాళ్ల సందున మేకు బిగుసుకున్నట్టు అమ్మకానికీ కొనుగోలుకూ మధ్య పాపం బిగుసుకుంటుందని సీరా జ్ఞానగ్రంథం 27వ అధ్యాయం హెచ్చరిస్తున్నది. ఆదివారం దివ్యబలిపూజలో మనం చేసిన ప్రార్థన నిజమో కాదో సోమవారం మన బేరంలో తెలుస్తుంది.

విధవరాలి నూనె, పొరుగువారి కుండలు

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలి కథ ఉంది. భర్త చనిపోయాడు. అప్పు మిగిలింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులనూ బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఎలీషా ప్రవక్తను ఆశ్రయిస్తే, ఆయన మొదట అడిగిన మాట నీ ఇంట్లో ఏముంది అని. ఒక చిన్న పాత్రలో నూనె తప్ప ఏమీ లేదని ఆమె చెప్పింది. అయితే వెళ్లి ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, కొద్దిగా కాదు, దొరికినన్ని తెచ్చుకో అన్నాడు ప్రవక్త. ఆమె తెచ్చుకుంది. తలుపులు మూసుకొని నూనె పోస్తూ ఉంటే పాత్రలన్నీ నిండాయి. పాత్రలు అయిపోగానే నూనె ఆగింది. అప్పుడు ప్రవక్త, ఆ నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ కొడుకులూ బ్రతకండి అని ఆజ్ఞాపించాడు.

ఈ కథలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, అమ్ముకొమ్మని చెప్పినవాడు దేవుని ప్రవక్తే. కనుక అమ్మడం తప్పు కాదు. ఇంట్లో ఉన్నదాన్ని అమ్మి అప్పు తీర్చడం, పిల్లల్ని కాపాడుకోవడం నీతిగల పని. రెండవది, ఆ అద్భుతానికి కావలసిన పాత్రలు పొరుగువారి ఇళ్లలో ఖాళీగా పడి ఉన్నాయి. వారు వాటిని ఆమెకు అమ్మలేదు. అద్దె అడగలేదు. ఊరికే ఇచ్చారు. ఆ కుండలు వారి మూలల్లోనే ఉండిపోయి ఉంటే నూనె నింపుకోవడానికి ఆమెకు పాత్ర దొరికేది కాదు.

అమ్మదగిన నూనె, ఇవ్వదగిన కుండ రెండూ ఒకే కథలో ఉన్నాయి. మన అటక మీద కూడా రెండూ ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోవడమే వివేకం.

ముందు లెక్క చూసుకోవాలి

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి, ఖర్చెంతో లెక్క చూసుకోడా అని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో అడిగాడు. మనం కూడా కూర్చుండి లెక్క వేద్దాం.

కొన్నేళ్ల క్రితం 3,000 రూపాయలు పెట్టి కొన్న మిక్సీని 1,000 రూపాయలకు అమ్ముదామని ఫోనులో పెట్టారనుకోండి. దాన్ని తుడవాలి, వెలుతురులో నాలుగు ఫొటోలు తీయాలి, వివరాలు రాయాలి. తర్వాత ఫోన్లు మొదలవుతాయి. ఒకరు 300కి ఇస్తారా అంటారు. ఒకరు సాయంత్రం వస్తామని చెప్పి రారు. ఒకరు ఒంగోలు నుంచి అడుగుతారు. ఒంగోలుకు మార్కాపురానికి సుమారు 100 కిలోమీటర్లు. ఆ మిక్సీ కోసం ఆయన బస్సెక్కి రాడు, మీరూ తీసుకుపోరు. చివరికి వారం తర్వాత 500కి అమ్ముడుపోతే, ఆ వారంలో పోయిన పనిగంటల విలువెంత? ఒక రోజు కూలి పోగొట్టుకొని ఒక పాత మిక్సీ అమ్మిన కుటుంబానికి మిగిలిందేమిటి?

నగరంలో ఉన్నవారి లెక్క వేరు. హైదరాబాదులో ఒక వస్తువు పెడితే దాన్ని చూసే జనం పక్క వీధిలోనే ఉంటారు. మన పశ్చిమ ప్రకాశంలో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ, కొనేవారు తక్కువ. అందుచేత చిన్న వస్తువులకు, అంటే మిక్సీలు, ఫ్యాన్లు, బట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, బొమ్మలు వంటివాటికి, ఇంటర్నెట్ అమ్మకం సాధారణంగా శ్రమకు తగినది కాదు. నడుస్తున్న మోటారు సైకిలు, మంచి ఫ్రిజ్జు, లాప్‌టాప్, ఈమధ్య కొన్న సెల్‌ఫోను వంటివాటికి మాత్రం తగినదే. వీటికోసం కొనేవాడు కొంత దూరమైనా వస్తాడు. ముందుగా మన వీధిలో, మన బంధువుల వాట్సాప్ గుంపులో అడిగి చూస్తే దూరం సమస్యే ఉండదు.

ధర చెప్పేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఆనాడు మనం ఎంత పెట్టి కొన్నామో దాన్ని పట్టుకొని కూర్చుంటాం. కొనేవాడు చూసేది ఈనాడు కొత్తది ఎంతకు దొరుకుతున్నదని. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద, ఏసీల మీద, 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త వస్తువు ధర తగ్గినప్పుడు పాతదాని విలువ కూడా దానితోపాటే దిగుతుంది. ఈ సంగతి తెలియక మన వస్తువును జనం చిన్నచూపు చూస్తున్నారని నొచ్చుకోవలసిన పని లేదు.

అమ్మకూడనివి కూడా ఉన్నాయి. ఇంట్లో అదనంగా ఉన్న గ్యాస్ సిలిండరు మనది కాదు, అది గ్యాస్ కంపెనీది. మనం కట్టింది డిపాజిట్టు మాత్రమే. వద్దనుకుంటే ఏజెన్సీలో తిరిగి అప్పగించి డిపాజిట్టు తీసుకోవాలి. మోటారు సైకిలు అమ్మితే డబ్బు చేతికొచ్చిందని ఊరుకోకండి. 29, 30 నంబరు ఫారాలు నింపి రవాణా కార్యాలయంలో పేరు మార్పించాలి. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వారేనని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వారి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.

నోట సత్యం

బేరంలో మొదటి పరీక్ష నాలుకకు వస్తుంది. కొనేటప్పుడు బాగాలేదు, బాగాలేదు అని పెదవి విరిచి, కొనుక్కుపోయాక దారిలో గొప్పలు చెప్పుకునే మనిషి సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో మనకు కనిపిస్తాడు. అతడు ఈనాటికీ చావలేదు. అమ్మేటప్పుడు అతడే మాట మార్చి, “ఒక్కరోజు కూడా వాడలేదండీ” అంటాడు.

శ్రీసభ మహాపండితుడైన పునీత తోమాసు అక్వినాసు వారు పదమూడవ శతాబ్దంలోనే ఈ విషయాన్ని కూలంకషంగా చర్చించారు. వస్తువులో దాగి ఉన్న లోపం కొనేవాడికి నష్టమో అపాయమో తెచ్చేదైతే దాన్ని చెప్పి తీరాలని ఆయన బోధించారు. కుంటి గుర్రాన్ని పరుగెత్తే గుర్రమని, కూలిపోయే ఇంటిని గట్టి ఇల్లని చెప్పి అమ్మడం మోసం. గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి, అది ఎదుటివాడికే కనిపిస్తుంది. తగినట్టు ధర తగ్గిస్తే చాలు, దాన్ని చాటింపు వేయనక్కర లేదు. ఎంత న్యాయమైన మాట! మన ఇంట్లోని ఫ్రిజ్జుకు రంగు పోయిందంటే అది కొనేవాడే చూస్తాడు. దాని బాడీ అప్పుడప్పుడు షాకు కొడుతుందంటే అది మనం చెప్పాలి. చెప్పకుండా అమ్మితే, రేపు ఆ ఇంటి పసిపిల్ల దాన్ని తడిచేత్తో పట్టుకుంటుంది. అటువంటి వస్తువును బాగుచేయించి అమ్మాలి, లేదా విడిభాగాల కింద పాత ఇనుము కొట్టుకు వేయాలి.

కొనేవాడి అవసరాన్ని చూసి ధర పెంచడం కూడా తగదని అక్వినాసు వారే చెప్పారు. కొనేవాడి అవసరం అతనిది, మన సొత్తు కాదు. మనది కానిదాన్ని మనం ఎలా అమ్ముతాం? పరీక్షల ముందు లాప్‌టాప్ కోసం తిరుగుతున్న విద్యార్థి ఆతురతను చూసి రెండు వేలు ఎక్కువ చెబితే, మనం అమ్ముతున్నది అతని ఆతురతను.

కొనేవారికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. బంగారాన్ని ఇత్తడి అనుకొని అమ్ముతున్న మనిషి దగ్గర సంగతి తెలిసి కూడా ఇత్తడి ధరకు కొన్నవాడు ఆ తేడా తిరిగి ఇచ్చుకోవాలని ఆ పునీతుడి బోధ. మన పల్లెల్లో ముసలమ్మలు తాతలనాటి కంచు చెంబులను, ఇత్తడి బిందెలను పాత ఇనుము ధరకు ఇచ్చేస్తుంటారు. తెలిసినవారు పక్కన ఉంటే ఒక మాట చెప్పాలి. జక్కయ తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న రోజున రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు పలికాడు.

వివేకం, జాగ్రత్త

పాములవలె వివేకులు, పావురములవలె నిష్కపటులు కావలెనని ప్రభువు తన శిష్యులకు చెప్పాడు. సత్యవంతులం కావాలంటే అమాయకులం కానక్కర లేదు.

వస్తువు ఫోనులో పెట్టగానే ఒక మనిషి ఫోను చేస్తాడు. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని, బేరం లేకుండా మీరడిగిన ధరే ఇస్తానని అంటాడు. ముందే డబ్బు పంపుతానని ఒక క్యూఆర్ కోడు పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ను నొక్కితే మీ ఖాతాలో జమ అవుతుందంటాడు. అది పూర్తిగా అబద్ధం. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ను నొక్కవలసిన పనే లేదు. పిన్ను అడిగారంటే డబ్బు మన ఖాతా నుంచి పోతున్నదని అర్థం. ఈ ఒక్క మాట ఇంట్లోని పెద్దవారికి, చదువురాని అమ్మలకు, అత్తలకు పదేపదే చెప్పండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మోసపోయినవారిని ఇంట్లో ఎగతాళి చేయకండి. ఎగతాళికి భయపడి చాలామంది చెప్పరు, అందుకే దొంగ తప్పించుకుంటాడు.

ముక్కూమొహం తెలియని మనిషిని ఆడవారు ఒంటరిగా ఉన్నప్పుడు ఇంటికి రమ్మనవద్దు. పగటిపూట, నలుగురు తిరిగే చోట, ఇంటి మగవారో పెద్దవారో తోడుండగా వస్తువు చూపించండి. పాత సెల్‌ఫోను అమ్మితే అందులోని ఫొటోలు, బ్యాంకు వివరాలు పూర్తిగా తుడిచివేసి అమ్మండి. పాత ఫోను కొంటే దాని ఐఎంఈఐ సంఖ్యను టెలికాం శాఖ 2023లో ప్రారంభించిన సంచార్ సాథీలో సరిచూసుకోండి. చవకగా వచ్చిందని దొంగసొత్తు కొన్నవాడు ఏడవ ఆజ్ఞ విషయంలో దొంగకు భాగస్వామి అవుతాడు.

ఇంతకీ అది ఎవరి వస్తువు?

అస్సీసీపుర పునీత ఫ్రాన్సిసు వారి జీవితంలో ఒక ఘట్టం మనందరికీ పాఠం. 1206 ప్రాంతంలో శిథిలమైన దమియాను దేవాలయాన్ని బాగుచేయాలనే ఆవేశంతో ఆ యువకుడు తండ్రి కొట్టులోని బట్టలు తీసుకొని ఫోలిగ్నో సంతకు పోయాడు. బట్టలూ అమ్మాడు, ఎక్కివచ్చిన గుర్రాన్నీ అమ్మాడు. ఆ డబ్బు తెచ్చి దేవాలయ గురువుకు ఇవ్వబోతే ఆయన భయపడి తీసుకోలేదు. తర్వాత అస్సీసీ పీఠాధిపతి కూడా ఆ డబ్బు తండ్రికి తిరిగి ఇచ్చివేయమనే చెప్పారు. ఉద్దేశం పవిత్రమైనదే, కానీ సొత్తు తనది కాదు. ఫ్రాన్సిసు వారు డబ్బుతోపాటు ఒంటిమీది బట్టలు కూడా తండ్రికి ఇచ్చివేసి, తనదంటూ ఏమీ లేనివాడై దేవుని సేవకు బయలుదేరారు.

దేవాలయం కోసం కూడా ఇతరుల సొత్తు అమ్మకూడదంటే, మన ఖర్చుల కోసం అమ్మవచ్చా? కుటుంబంలో ఈ విషయం మీద కన్నీళ్లు కారుతున్నాయి. భార్య పుట్టింటివారు ఇచ్చిన కుట్టుమిషన్ను ఆమెను అడగకుండా అమ్మిన భర్తలున్నారు. ముసలి తల్లి బ్రతికి ఉండగానే ఆమె ఇత్తడి బిందె, ఆమె మంచం పాతవని తీసిపారేసిన కొడుకులున్నారు. మనకు పాతది అయినది ఆమెకు జ్ఞాపకం. ఏ వస్తువైనా అమ్మేముందు అది వాడినవారిని, అది తెచ్చినవారిని అడగండి. వద్దంటే ఆ మాటను గౌరవించండి. ఆ బిందె అమ్మితే వచ్చే డబ్బుతో తల్లి మనస్సును కొనలేము.

అక్కరలో అమ్ముకునేవారు

ఇంతవరకు అటక మీద ఎక్కువైన సామాను గురించి చెప్పుకున్నాం. కానీ మన ప్రాంతంలో ఎక్కువై అమ్మేవారికన్నా లేక అమ్ముకునేవారి బాధే పెద్దది. వర్షాలు పడక, బోర్లు ఎండిపోయి, పని కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో గుంటూరుకో వెళ్లే కుటుంబాలు మన విచారణల్లో ఉన్నాయి. పలకల గనులను, పలకల ఫ్యాక్టరీలను నమ్ముకొని బ్రతికి, నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక పని తగ్గిపోయిన ఇళ్లున్నాయి. ఇల్లు తాళం వేసి వెళ్లేముందు వారు మేకలు అమ్ముతారు, మంచం అమ్ముతారు, టీవీ అమ్ముతారు. వారికి వారం రోజులు ఫోన్లకు ఎదురుచూసే వ్యవధి ఉండదు. రేపు పొద్దున బండి ఎక్కాలి. ఈ సంగతి తెలిసినవాడు సగం ధరకు అడుగుతాడు.

తిరగలిరాయిని తాకట్టుగా తీసుకోరాదని, అలా తీసుకోవడం ఆ మనిషి ప్రాణాన్నే తాకట్టుగా తీసుకోవడమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం శాసిస్తున్నది. పిండి విసురుకునే రాయి పోతే ఆ ఇంట్లో రొట్టె లేదు. ఈనాడు కుట్టుమిషను, తాపీమేస్త్రి పనిముట్లు, ఆటో, పాడిగేదె ఆ ఇంటి తిరగలిరాళ్లు. అమ్ముకునే సోదరులారా, ఎంత కష్టమొచ్చినా వాటిని చివరిదాకా నిలుపుకోండి. ముందు టీవీ అమ్మండి, నలుగురినీ సలహా అడగండి, విచారణ గురువులతో మాట్లాడండి. కొనే సోదరులారా, అక్కరలో ఉన్నవాడి దగ్గర చవకగా దొరికిందని సంబరపడకండి. న్యాయమైన ధర ఇవ్వండి. వీలైతే ఆ డబ్బు అప్పుగా ఇచ్చి, వస్తువును అతని ఇంట్లోనే ఉండనివ్వండి. దానికన్నా గొప్ప తపస్కాల పుణ్యక్రియ ఏముంటుంది?

ఇచ్చేది ఎలా ఇవ్వాలి?

రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలని స్నాపక యోహాను బోధించాడు. అతడు చిరిగిన అంగీ ఇమ్మనలేదు. తాను తొడుక్కోదగిన రెండింటిలో ఒకటి ఇమ్మన్నాడు. మన బీరువాలో వాడకుండా ఉన్న వస్త్రం బట్టలేనివానిదని, పెట్టెలో దాచిన రొట్టె ఆకలిగొన్నవానిదని నాలుగవ శతాబ్దంలో పునీత బాసిలు వారు తమ ప్రసంగంలో నిక్కచ్చిగా చెప్పారు. పంచకుండా దాచినదాన్ని బీదల సొత్తుగా ఎంచినవారు ఆయన.

కనుక ఇచ్చేది బాగుచేసి ఇవ్వండి. మిక్సీకి కొత్త జారు వేయించి ఇవ్వండి. సైకిలుకు ట్యూబు మార్పించి ఇవ్వండి. బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, బొత్తాలు కుట్టి ఇవ్వండి. పనికిరానిదాన్ని బీదవారికి అంటగడితే అది దానం కాదు, మన చెత్తను వారింట్లో వేయడం. అది పాత ఇనుము కొట్టుకు పోవలసినదే. అక్కడ కూడా అది ఒకరి జీవనాధారం, దానిలోని ఇనుము, రాగి మళ్లీ పనికొస్తాయి. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ లేఖలో, వాడి పారవేసే అలవాటు భూమిని చెత్తకుప్పగా మారుస్తున్నదని, చివరికి మనుషులను కూడా అలాగే పారవేయడం నేర్పుతున్నదని బాధపడ్డారు.

ఇచ్చేటప్పుడు తీసుకునేవారి ఫొటో తీసి ఫోనులో పెట్టకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట సెల్‌ఫోనుకు కూడా వర్తిస్తుంది. తీసుకునేవారికి ముందుగా అది కావాలో లేదో అడగండి. కొందరు ఊరికే తీసుకోవడానికి సిగ్గుపడతారు. అటువంటివారికి నామమాత్రపు ధరకు ఇవ్వడమే మర్యాద. అంటే కొన్నిసార్లు అమ్మడమే ఎక్కువ ప్రేమ.

అమ్మిన డబ్బు

మనకు అక్కరలేనిది అమ్మి, ఆ డబ్బును బీదలకు చేర్చే మార్గం కూడా ఉంది. ఫ్రాన్సిస్ జగద్గురువులకు 2013లో హార్లే డేవిడ్‌సన్ కంపెనీవారు ఒక మోటారు సైకిలు కానుకగా ఇచ్చారు. ఆయనకు దానితో పనేముంది? 2014 ఫిబ్రవరిలో పారిస్ నగరంలో దాన్ని వేలం వేయిస్తే 2,41,500 యూరోలు వచ్చాయి. ఆ సొమ్ము రోము నగరంలో ఇల్లూవాకిలీ లేనివారికి కారితాస్ సంస్థవారు నడిపే వసతిగృహానికి, భోజనశాలకు ఉద్దేశించారు. ఆ బండికి అంత ధర పలికింది జగద్గురువుల పేరు వలన. మన పాత బండికి అంత రాదు, అయినా మార్గం అదే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. అపోస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరా దంపతులు పొలం అమ్మి, డబ్బులో కొంత దాచుకొని, అంతా ఇదేనని చెప్పారు. పేతురు వారిని తప్పుపట్టింది దాచుకున్నందుకు కాదు. పొలం మీదే, అమ్మాక డబ్బూ మీ చేతిలోనిదే అని ఆయనే అన్నాడు. వారి పాపం అబద్ధం. కనుక అమ్మినదంతా ఇచ్చివేయాలని ఎవరూ నిర్బంధించరు. పిల్లల ఫీజు ఉంటే కట్టండి, అప్పు ఉంటే తీర్చండి, ఆ విధవరాలికి ప్రవక్త చెప్పింది అదే. బీదలకు ఇంత ఇస్తానని దేవుని ముందు అనుకుంటే ఆ మాట నిలుపుకోండి.

అంతకన్నా ముఖ్యం, ఖాళీ అయిన అటకను మళ్లీ నింపడానికి ఆ డబ్బుతో పరుగెత్తకండి. పాతది అమ్మడం సులువైన కొద్దీ కొత్తది కొనడం కూడా సులువనిపిస్తుంది. అమ్మకానికి పెట్టిన ఆ ఫోనులోనే కొత్త వస్తువుల ప్రకటనలు కూడా వస్తాయి. పంట దాచడానికి పాత కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టదలచిన ధనవంతుని ఆ రాత్రే దేవుడు పిలిచాడు. అతడు కూడబెట్టింది ఎవరి పాలైందో సువార్త చెప్పలేదు.

ఈ వారం మీరు చేయవలసినది

ఈ ఆదివారం పూజ నుంచి ఇంటికి వెళ్లాక, కుటుంబమంతా కలిసి అటక మీది సామాను దించండి. జపమాలకు కూర్చునేముందు మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్పలో, శ్రమకు తగిన ధర వచ్చే ఒకటి రెండు పెద్ద వస్తువులు. వాటి లోపాలు మీరే ఒక కాగితం మీద రాసి, నిజం చెప్పి, జాగ్రత్తగా అమ్మండి. ఆ పని పిల్లలకు అప్పగించండి, సత్యంగా బేరం చేయడం వారు మీ ఇంట్లోనే నేర్చుకుంటారు. రెండవ కుప్పలో, బాగుచేస్తే ఇంకొకరికి పనికివచ్చేవి. వీటిని ఇంటర్నెట్‌లో పెట్టి సమయం పోగొట్టుకోకండి. ఎవరికి ఏది అవసరమో మీ ఉపదేశిగారికి, మఠకన్యలకు, విన్సెంట్ దె పాల్ సభ సభ్యులకు తెలిసి ఉంటుంది. అడగండి. మూడవ కుప్ప పాత ఇనుము కొట్టుకు.

రెండవ కుప్ప దగ్గర కొంచెంసేపు ఆగండి. మీ వీధిలో ఈ సంవత్సరం ఎవరి ఇంట్లో పెద్దదిక్కు పోయింది? ఎవరి బోరు ఎండిపోయింది? ఎవరి బిడ్డ బడికి నాలుగు కిలోమీటర్లు నడిచి పోతున్నది? మీ అటక మీది చిన్న సైకిలుకు ఇంటర్నెట్‌లో ఆరేడు వందలు రావచ్చు. ఆ బిడ్డకు ఇస్తే రోజుకు ఎనిమిది కిలోమీటర్ల నడక తప్పుతుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువో లెక్క మీరే వేసుకోండి.

మనం ఏమీ తేకుండా ఈ లోకానికి వచ్చాం, ఏమీ పట్టుకుపోకుండా వెళ్తాం. ఈ మధ్యకాలంలో మన చేతుల మీదుగా నడిచే ప్రతి వస్తువుకూ మనం గృహనిర్వాహకులం మాత్రమే. పశువుల తొట్టిలో పవళించిన ప్రభువు మీ ఇంటికి వచ్చేనాటికి, అటకలతోపాటు మీ హృదయాలలో కూడా ఆయనకు చోటుండును గాక. దేవమాత మరియమ్మగారు మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమెన్.